ట్రెడ్‌మిల్ ఆగాక

పోయిన వారం అన్నవరం కొండ మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చి మధ్యలోనే కూలబడ్డాను. అందుకని ఈ రోజు రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి గుండె పరీక్షకు వెళ్ళాను. ఒంటికి వైర్లు అంటించి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. నడక బాగానే సాగింది. చిక్కంతా మిషను ఆగాకే వచ్చింది. పరుగెత్తిన గుండె ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో చూస్తారట. పడుకుని స్క్రీన్ మీది అంకెనే చూస్తున్నాను. అది ఎంతకీ దిగదు. దిగకపోయేసరికి నాకు ఇంకా దడ.

టెక్నీషియన్ సునీత గారు స్క్రీన్‌ని గోడవైపు తిప్పేశారు.

"అలా చూస్తూ ఉంటే దిగదండి. ఇంతకీ పొద్దున్న టిఫినేంటండి?"

"పెసరట్టండి. కంగారులో మాడ్చేశాను."

"అయ్యో, మాడిందే తిన్నారా?"

"మా ఆయన తిన్నారండి."

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆవిడ స్క్రీన్ వైపు తొంగిచూసి, "ఇదిగోనండి, దిగింది!" అన్నారు.

డాక్టరు గారు మాత్రం, ఒక్కసారి దిగితే నమ్మలేమని, వచ్చే వారం మళ్ళీ చూద్దామన్నారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పది నిమిషాలకోసారి నాడి పట్టుకుని చూసుకుంటున్నాను. చూసుకున్నప్పుడల్లా పెరుగుతోంది.

స్థిమితంగా కూర్చోవడం మీలో ఎవరికైనా వచ్చా? వస్తే కాస్త నేర్పండి, వారమే గడువుంది.