గుహలో ఎదురు సాలు

దయ్యాలను నమ్మే ఓపిక నాకెప్పుడూ లేదు. పొద్దున లేస్తే వంట, బడి, దిద్దాల్సిన నోటుపుస్తకాలు. ఇక దయ్యాలకు తీరికెక్కడ? ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "సర్లెండి" అని లేచిపోయేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. మీరు లేచిపోయినా ఏమీ అనుకోను.

ఎనభైల నాటి మాట. చిలకలూరిపేట దగ్గర పల్లెలో, మిషన్ బడిలో పనిచేసేదాన్ని. ఫిబ్రవరి నెల, ఊరంతా మిరపకోతల్లో ఉంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు నల్లమల అడవి, అక్కడి పాతకాలపు గుహలు చూపించాలని హెడ్మాస్టరుగారికి బుద్ధి పుట్టింది. బుద్ధి ఆయనది, చాకిరీ నాది.

సువార్త అనే పిల్లను మాత్రం వాళ్లమ్మ పంపనంది. ఏసమ్మ కూలికెళ్లే మనిషి. భర్త పోయాడు, ఉన్నది ఆ ఒక్క కూతురు. నేనే వాళ్లింటికెళ్లి, "నీ పిల్లను నీ చేతికి అప్పజెప్పే పూచీ నాది ఏసమ్మా" అన్నాను.

"మీరన్నారు కాబట్టి పంపుతన్నానండీ టీచరమ్మా" అంది.

ఎందుకన్నానో! ప్రయాణం రోజంతా ఆ మాట నా మెడకు చుట్టుకుంది.

చీకటితోనే బస్సులో బయల్దేరితే, పొదిలి మీదుగా అడవి చేరేసరికి పదకొండు దాటింది. దుప్పులు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి. కోతులు రెండు పులిహోర పొట్లాలు లాక్కుపోయాయి. నాకు మాత్రం నడుము విరిగిపోతోంది. ఎక్కడైనా కాస్త చాప పరిస్తే చాలనిపించింది.

భోజనాలయ్యాక అటవీశాఖ వాచర్ మస్తాన్ టార్చి పట్టుకుని గుహలోకి దారి తీశాడు. పిల్లలు ఒకరి ఓణీ కొంగు ఒకరు పట్టుకుని వరుసగా నడిచారు. చివర సువార్త. ఆమె వెనుక నేనుండాలి. కాళ్లు లాగేస్తుంటే "మీరు పదండి, వస్తాను" అని గుహ వాకిట్లో రాతి మీద కూర్చుండిపోయాను. తప్పు నాదే. ఇందులో దాపరికం లేదు.

కాసేపటికి లోపల గబ్బిలాలు లేచాయి. కేకలు, ఏడుపులు, తోపులాట. బయటపడ్డవాళ్లను లెక్కపెట్టాను. ముప్పైఇద్దరికి ముప్పైఒక్కరే ఉన్నారు. సువార్త లేదు.

మస్తాన్ రెండుసార్లు లోపలికెళ్లి ఒట్టి చేతులతో వచ్చాడు. "లోపల దారులు చీలిపోతయ్యండీ. అన్నీ నాకూ తెలీవు. నాలుగింటికల్లా అడివి దాటాల, చిరుతలు తిరుగుతయ్" అన్నాడు. నేను గొంతు పోయేదాకా అరిచాను. ఏసమ్మకు ముఖం ఎలా చూపించాలి తండ్రీ అని ఏడ్చాను.

మూడు గంటలవుతుండగా సువార్త తనంతట తానే బయటికొచ్చింది. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని, "మంట టీచర్, చేతులు మంట" అంది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. దగ్గరికి తీసుకుని చూడబోతే తుమ్ములు ముంచుకొచ్చాయి. పక్కనున్న మస్తాన్ కూడా దగ్గాడు. అది మిరప ఘాటు. గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ ఘాటు ఎవరూ చెప్పక్కర్లేదు.

పరీక్షలని ఆ పిల్ల రెండు వారాలుగా కోతకు వెళ్లలేదు. అవే చేతులతో మధ్యాహ్నం నా ఎదుటే పులిహోర తింది. అప్పుడు ఏ మంటా లేదు.

"చీకట్లో కూలబడ్డా టీచర్. ఎదురుగా అమ్మ గొంతు వినబడింది. 'ఎదురొస్తన్నా, లేచి రావే' అంది. గోడ తడుముకుంటా ఆ గొంతు వైపు నడిచా. గోడంతా చేతికి కాయలు తగిలినట్టే ఉంది."

మిరపకోతలో ఒక్కో మనిషి ఒక్కో సాలు, అంటే ఒక్కో మొక్కల వరుస, పట్టి కోస్తుంది. ముందు ముగించినామె ఊరికే కూర్చోదు. వెనకబడినామె సాలును అవతలి కొసన అందుకుని ఎదురు కోసుకుంటూ వస్తుంది. వస్తూ వస్తూ ఆ కేకే వేస్తుంది. చిన్నప్పుడు నేనూ కోతకెళ్లినదాన్నే, ఆ కేక నాకు తెలుసు. భయంలో పిల్లకు తల్లి గొంతు వినబడి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

రాత్రి బాగా పొద్దుపోయాక ఊరు చేరాం. బస్సు దగ్గర ఏసమ్మ, ఆమెతో కోతకెళ్లే కోటమ్మ నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే కోటమ్మ నవ్వుతూ అందుకుంది.

"మా ఏసమ్మకు ఎండదెబ్బ తగిలిందండోయ్! మధ్యాన్నం తన సాలు అయిపోతే, మనిషే లేని సాలు పట్టుకుని 'ఎదురొస్తన్నా, లేచి రావే' అని ఒకటే కేకలు. మేస్త్రి తిట్టినా ఆగలా. మూడింటి బస్సు పోయేదాకా అదే వరస!"

ఏసమ్మ కూతురి చేతులు వాసన చూసి, ఇంటికి తీసుకెళ్లి, వెంట వెళ్లిన నా ఎదుటే ఆముదం రాసింది. "ఆ సాల్లో ఎవరో కూలబడ్డట్టు అనిపించిందండీ. అంతే" అంది.

నేనిక ఆగలేకపోయాను. "గుహలో నేను పిల్ల వెనకుండాల్సింది ఏసమ్మా. అలిసిపోయి కూర్చున్నాను. నీ పిల్లను పోగొట్టబోయాను" అని ఆమె ముందే ఏడ్చేశాను.

ఆముదం గిన్నె కింద పెట్టి, "అలిసిపోతే కూర్చోరా అండీ? అందుకేగా ఎదురొచ్చేది" అంది.

ఆ చేతులకు ఆ ఘాటు ఎలా వచ్చిందో నేను ఈరోజుకీ చెప్పలేను.