పక్క గదికి వెళ్లాల్సిన ప్రార్థన

ఆ రోజు పొద్దున కొట్టు తెరిచి కుర్చీలో కూర్చున్నాక, బేరానికొచ్చిన మేస్త్రి నా ఎడమ కాలి చెప్పు చేత్తో పట్టుకొచ్చి, "మెట్ల మీద వదిలేసి వచ్చారండీ" అన్నాడు. చెప్పు ఊడిన సంగతే నాకు తెలియదు. గవర్నర్‌పేటలో చాలా ఏళ్లుగా పైపులు, కుళాయిలు అమ్ముతున్నవాణ్ని. నా కాలు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా తిమ్మిరెక్కిందంటే భయం కన్నా ముందు కోపమొచ్చింది. అంతకు ముందే ఒక పెళ్లి భోజనం తిని విరేచనాలతో అవస్థ పడ్డాను. ఆ నీరసమే అనుకున్నాను.

సాయంత్రానికి తిమ్మిరి మోకాళ్ల దాకా పాకింది. మర్నాడు స్నానానికి కూర్చున్న పీట మీంచి లేవలేకపోయాను. మా ఇల్లు కొట్టు పైన రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆవిడ రాజ్యలక్ష్మి ఫోన్ చేస్తే పామర్రు నుంచి ఆమె తమ్ముడు సత్యం వచ్చాడు. ఇద్దరూ కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోశారు.

"బావా, కుర్చీ గట్టిగా పట్టుకో" అన్నాడు.

"దేంతో పట్టుకోమంటావురా?" అన్నాను. అప్పటికి చేతులు కూడా పోయాయి.

ఆసుపత్రిలో డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టారు. కాలు ఉలకలేదు, పలకలేదు. "రిఫ్లెక్సెస్ లేవు" అన్నారు. నర్వ్ కండక్షన్ స్టడీ అని నరాల పరీక్ష చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. "గిలాన్ బారే సిండ్రోమ్, జీబీఎస్ అంటామండీ. మీ ఇమ్యూనిటీ మీ నరాల మీదే దాడి చేస్తోంది. ఐవీఐజీ అని, దాన్ని ఆపే మందు నరంలోకి ఎక్కిస్తున్నాం. ముందు ఇంకొంచెం దిగజారతారు, తర్వాత కోలుకుంటారు. ఓపిక పట్టాలి" అన్నారు. ఓపిక మా వంశంలోనే లేదు.

దిగజారడం మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది. మొహం కూడా చచ్చుబడింది. పెదవులు కదలవు, కళ్లు మూతపడవు. ఊపిరి కూడా ఆగిపోతుందేమోనని ఐసీయూలో పెట్టారు. అక్కడ చాలా భయపడ్డాను. చావు గురించి కాదు, ఇలా కొయ్యలా మిగిలిపోతే రాజ్యం ఒక్కతే ఎలా మోస్తుందని. ఊపిరి నిలబడింది. వార్డుకి మార్చారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ కంట్లో చుక్కల మందు కోసం కిందికి వెళ్లింది. అంతలో చేతుల్లో బైబిళ్లు, ఫ్లాస్కుతో నలుగురు ఆడవాళ్లు నా మంచం చుట్టూ చేరారు. అందరిలోకీ పెద్దావిడ దీనమ్మ గారు, రిటైరైన టీచరు. ఆ గొంతు వింటే వార్డంతా సర్దుకుని కూర్చోవాల్సిందే.

"ప్రసాదరావు గారూ, మీరేం మాట్లాడకండి. విశ్రాంతిగా ఉండండి" అని నా తల మీద చెయ్యి పెట్టారు.

మాట్లాడగలిగితే నేను ప్రసాదరావుని కాదని చెప్పేవాణ్నే. ఆయన వాళ్ల చర్చిలో కొత్తగా చేరినవాడు, మొహం ఇంకా వీళ్లకి సరిగ్గా తెలియదు. అదే మంచం మీద ఉండేవాడు, ఆ పొద్దునే పక్క గదికి మార్చారు. వీళ్లు ఒక పాట పాడి ప్రార్థన మొదలుపెట్టారు. నా గాల్ బ్లాడర్‌లో రాళ్లు తీసేయమన్నారు. నాకు రాళ్లు లేవు. మా అబ్బాయికి మంచి సంబంధం చూపించమన్నారు. మాకు పిల్లలే లేరు. రెప్పలు పడని కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారిపోతున్నాయి. "చూడండి, ఎంత కరిగిపోయారో" అని ఒకావిడ అంటే, అందరూ కలిసి మళ్లీ అందుకున్నారు.

అప్పుడొచ్చింది మా ఆవిడ. ప్రసాదరావు గారు పక్క గదిలో ఉన్నారని చెప్పింది. తప్పయిపోయిందండీ అని వెళ్లిపోతారనుకున్నాను.

"అయితే ఈయన పేరేంటండీ?" అన్నారు దీనమ్మ గారు.

"వెంకటేశ్వరరావండీ."

"జబ్బేంటి?"

మా ఆవిడ చెప్పింది. "సరే, అయితే మళ్లీ మొదట్నుంచీ చేద్దాం. మీకు అభ్యంతరం లేదు కదమ్మా?" అన్నారు.

"చెయ్యండి, పుణ్యముంటుంది" అంది మా ఆవిడ.

నా నరాల కోసం విడిగా ప్రార్థన జరిగింది. ఈలోగా విజిటింగ్ అవర్స్ అయిపోయి, పక్క గదిలో ప్రసాదరావు గారికి దొరికింది రెండు ముక్కలే. ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంటాడు.

అప్పట్నుంచి రోజూ దీనమ్మ గారి దగ్గర్నుంచి రాగిజావ వచ్చేది. సత్యానికి అనుమానం. "ఊరికే ఎవరు పెడతారు బావా? ఇవాళ జావ, రేపు పాట, ఎల్లుండి బాప్తిస్మమని కృష్ణలో ముంచుతారు."

"ముంచాలంటే ముందు నన్ను లేపాలి కదరా" అన్నాను. అప్పటికి నోరు తిరుగుతోంది, కాళ్లే తిరగడం లేదు. పైకి అలా అన్నాను గానీ, వాడి అనుమానం నాకూ అంటుకుంది.

డిశ్చార్జి రోజున డాక్టరు గారు, "మెట్లు వద్దు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇల్లు చూసుకోండి. ఫిజియోథెరపీ రోజూ జరగాలి. మానేస్తే ఉన్నచోటే ఉండిపోతారు" అన్నారు. ఇల్లు అద్దెకిస్తామన్నవాళ్లు వీల్‌చెయిర్ మాట వినగానే చుట్టాలొస్తున్నారనేవాళ్లు. పామర్రు వెళ్తే ఫిజియోథెరపీకి రోజూ రాలేం. కారిడార్‌లో ఏడుస్తున్న మా ఆవిణ్ని దీనమ్మ గారు చూశారు.

"గుణదలలో మా చర్చి పక్కన ఒక గది ఉందమ్మా. మెట్లు లేవు, రండి" అన్నారు.

"మేం మీ వాళ్లం కాదు కదండీ."

"మా వాళ్లకి ఇళ్లున్నాయమ్మా. ఆ గది కట్టింది లేనివాళ్ల కోసమే."

వెళ్లాం. మా ఆవిడ వెంకన్న పటాన్ని చీరల మధ్య దాచి తెచ్చింది. సామాను సర్దుతుంటే అది కాస్తా దీనమ్మ గారి చేతికే దొరికింది. "ఇదెక్కడ పెట్టుకుంటారు? తూర్పు గోడకా? అయితే బీరువా జరపాలి" అని ఆవిడ పాస్టరు గారిని పిలిచారు. ఆయన బీరువా జరిపారు, నడుం పట్టేసింది. ఆ ఆదివారం ప్రసంగం కుర్చీలో కూర్చునే చేశారు.

"బీరువా కూడా జరిపారంటే ప్లాను పెద్దదే బావా" అన్నాడు సత్యం ఫోన్లో.

వాకర్‌తో నాలుగడుగులు పడుతున్న రోజులవి. ఒక ఆదివారం కిటికీలోంచి మైకు వినిపించింది. "దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుకు రావాలి." ఇన్నాళ్ల జావకి ఇవాళ లెక్క తేలుస్తారు, నన్ను మోసుకెళ్లి మైకు ముందు నిలబెడతారు అనుకున్నాను. మా ఆవిడ స్నానానికి వెళ్లింది. వాకర్ పట్టుకుని ఒక్కణ్నే వెనక గుమ్మంలోంచి పారిపోయాను. ఆ కాళ్లతో పారిపోవడం నాకే చెల్లింది. కుళాయి దగ్గర నాచు మీద జారి పడ్డాను. నా అరుపుకి ఆరాధన ఆగిపోయింది. చర్చి మొత్తం బయటికొచ్చింది.

మణికట్టులో హెయిర్‌లైన్ ఫ్రాక్చర్. "ఈ చేత్తో వాకర్ పట్టుకోకూడదు. నడక వెనకబడుతుంది" అన్నారు డాక్టరు గారు. గదికొచ్చి ఏడ్చాను. ఈసారి కళ్లు బాగానే మూతపడుతున్నాయి, అది నిజం ఏడుపే. ఇక నడవనని తేల్చేసుకున్నాను.

"అసలెక్కడికి బయల్దేరారండీ?" అన్నారు దీనమ్మ గారు.

చెప్పేశాను. ఆవిడ నవ్వాపుకోలేక మంచం అంచున కూర్చుండిపోయారు. "మిమ్మల్నెందుకు పిలుస్తామండీ? సాక్ష్యానికి మా వాళ్లే పోటీ పడతారు. మైకు చేతికొస్తే ఒక్కరూ వదలరు. మధ్యాహ్నం రెండింటికి కూడా భోజనాలకి లేవలేకపోతున్నాం."

"మరి మీలో కలవమని ఎప్పుడడుగుతారు?"

ఆవిడ నవ్వు ఆగింది. "మా దేవుడి గురించి మీరడిగితే చెబుతాను, సంతోషంగా చెబుతాను. అడక్కపోతే జావ కాస్తాను. ఇంటికి పిలిచి గుమ్మం దగ్గర లెక్క చీటీ చేతిలో పెడతామా వెంకటేశ్వరరావు గారూ?"

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటు గుండెల మీంచి పెద్ద బరువు కూడా దిగింది.

వాకర్ పట్టుకోవడానికి లేదు కాబట్టి మనుషుల్ని పట్టుకోమన్నారు ఫిజియోథెరపిస్టు. రోజూ సాయంత్రం చెరో పక్కన ఒకరు నిలబడి చర్చి ఆవరణలో నన్ను నడిపించేవాళ్లు. దీనమ్మ గారి వంతు వస్తే అడుగు తప్పుగా వేసినప్పుడల్లా "మళ్లీ" అనేవారు. తర్వాత చర్చి మెట్లు. ఆ తర్వాత గవర్నర్‌పేటలో మా మెట్లు. గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు కూర్చుని, సత్యాన్ని తిట్టుకుంటూ ఎక్కాను. తలుపు తీసి రాజ్యం నా ఛాతీ మీద తల పెట్టి ఏడ్చింది. నేను నిలబడే ఉన్నాను.

ఇప్పుడు కొట్లో కూర్చుంటున్నాను. ఎడమ బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంటుంది. నేను వెంకన్న భక్తుణ్నే, నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. నేనే అప్పుడప్పుడూ దీనమ్మ గారిని అడుగుతుంటాను, ఆవిడ సంతోషంగా చెబుతుంటారు.

చదివేవారికి ఒక్క మాట. తిమ్మిరి కాళ్ల నుంచి పైకి పాకుతుంటే నీరసమనుకోకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కోలుకునే రోజుల్లో ఎవరైనా చెయ్యి అందిస్తే ముందు పట్టుకోండి. వాళ్లెవరో, ఎందుకిస్తున్నారో నిలబడ్డాక తీరిగ్గా అడగొచ్చు.