గీతమ్మ మరిచిన గీత

మా వదిన పేరు గీత కాదు. అయినా ఆస్పత్రి ల్యాబులో అందరూ ఆమెను గీతమ్మ అనే పిలుస్తారు. ట్యూబు మీద మార్కరుతో గీత పెట్టనిదే ఆమె రక్తం తిప్పే యంత్రం మూత వెయ్యదు.

ఎందుకో ఆమే చెప్పింది. మన ఒంట్లో కణాలు ఎక్సోజోములనే బుడగల్ని వదులుతాయి. కణం లోపలి కబుర్లు వాటిలో ఉంటాయి. చర్మం మీది మచ్చ మంచిదో, క్యాన్సరున్న చెడ్డదో రక్తంలోని ఆ బుడగలు చెప్పగలవా అని వాళ్ల డాక్టరు పరిశోధన. రక్తాన్ని గిరగిరా తిప్పగా తిప్పగా చివరికవి ట్యూబు గోడకు ఒక పక్కన అంటుకుంటాయి. కంటికి ఆనవు. ఏ పక్కో ముందే పెట్టిన గీత చెప్పాలి.

ఇరవై ఆరేళ్లలో ఆమె గీత మరిచింది ఒక్కసారే. అది నా ట్యూబు.

నా అరికాల్లో నల్లమచ్చ పెరుగుతోంది. ముక్క తీసి పరీక్షకు పంపారు; ఫలితానికి వారం. పరిశోధనకని రక్తమూ ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే వదిన గుమ్మంలో నిలబడింది.

"రిపోర్టు వచ్చేసిందా వదినా?" అన్నాను.

"లేదయ్యా. నీ రక్తం పాడు చేశాను. గీత పెట్టలేదు."

"మీరా?"

"నేనే. నీ మచ్చ గురించే ఆలోచిస్తూ మూత వేసేశాను. ట్యూబు లోపల ఏదో ఒక పక్క గీకి, ఇవే బుడగలని ఇచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. డాక్టరుగారికి చెప్పేశా. మళ్లీ ఇవ్వాలి."

"ఇవ్వనంటే?"

"మొహం చూడు! చాపు చెయ్యి."

నవ్వాను గాని, సూది పట్టిన ఆమె వేళ్లు వణకడం చూశాక నవ్వు ఆగిపోయింది. ఈమెకేదో ముందే తెలిసిపోయిందా?

ఆ వారమంతా మడమ మీదే నడిచాను. నొప్పి కాదు, భయం. వదిన రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అని పెట్టేసేది. మచ్చ మాట ఎత్తేది కాదు. ఎత్తనికొద్దీ అది ఇంకాస్త పెరిగినట్టుండేది.

ఎనిమిదో రోజు డాక్టరు గదిలో ఆమె నా పక్కనే కూర్చుంది. ముక్క పరీక్షలో చెడ్డదనే తేలింది. తర్వాత ఆయన చెప్పిందేదీ నా బుర్రకెక్కలేదు.

"మరి బుడగలేమన్నాయి?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

"అవింకా బడిలోనే ఉన్నాయి. వాటి మాట మీద ఎవరికీ వైద్యం చెయ్యం" అన్నాడాయన.

వదిన వంగి నా కాలు ఒళ్లోకి తీసుకుంది.

"అయ్యో, కాలు వదినా!"

"ఊరుకో." మార్కరు తీసి మచ్చ చుట్టూ సున్నా చుట్టింది. "లోతుకు పోలేదట, విన్నావా? ఇంత మేర తీసేస్తారు. అంతే."

ఆమె వేళ్లు ఈసారి వణకలేదు.