మాసీ అంటే ఎవరు?

2024 వానాకాలం. కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో నేను కేస్ వర్కర్‌ని. పద్దెనిమిది దాటి, నిలువ నీడ లేని పిల్లలకి న్యూ టౌన్‌లో గదులు ఇప్పించడం మా పని. గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే ఆ ఏడాది కృత్రిమ మేధని తెచ్చారు. మేం ఇన్‌టేక్ ఫారం, అంటే తొలి ముఖాముఖి వివరాలు, నింపితే అది రిస్క్ స్కోర్ వేస్తుంది. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లకి ముందు గది. సిఫార్సుల పీడ వదిలిందని అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

గౌరికి పంతొమ్మిదేళ్లు. అమ్మానాన్నలు శ్రీకాకుళం నుంచి కలకత్తా శివార్లలోని బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లుకి వచ్చిన కూలీలు; ఇద్దరూ పోయారు. తెలుగు పిల్ల కదాని కేసు నాకిచ్చారు.

"రాత్రిళ్లు ఎక్కడుంటున్నావమ్మా?"

"మాసీకాడ ఉంతన్నానక్కా."

బెంగాలీలో మాసీ అంటే పిన్ని. 'బంధువుల ఇల్లు' అన్న గడిలో టిక్కు పెట్టి, పది నిమిషాల్లో ఫారం ముగించాను. మన భాషే కదా, అర్థం కాకపోవడానికేముందన్న ధీమా.

అప్పటికి ఖాళీగా ఉన్నవి రెండు గదులు. గౌరి పేరు జాబితాలో అట్టడుగున వచ్చింది. ఫోన్లో చెప్పడానికి నోరు రాక బడ్జ్ బడ్జ్ వెళ్లాను. తీరా చూస్తే ఆమె ఫారంలో ఇచ్చిన చిరునామా ఒక భోజన హోటల్. గౌరి అంట్లు తోముతోంది.

"మీ పిన్ని ఏదమ్మా?"

"పిన్నేటక్కా? నాకెవులున్నారు? ఈ ఓటలావిడే మాసీ. ఆ బల్లల కింద తొంగుంతాను."

నాకు తల కొట్టేసినట్లయింది. ఈ ఊళ్లో పెద్దావిడ ఎవరైనా మాసీయే. మా ఇంట్లో పనిచేసే ఆవిడని పదిహేనేళ్లుగా నేనూ అలాగే పిలుస్తున్నాను! తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఈ పాపం మొత్తం నాదే.

"కంప్యూటర్ లెక్క మార్చమంటారా?" ఆఫీసుకొచ్చి సంగతి చెప్పగానే మా పెద్దసారు చిరాకుపడ్డారు.

"లెక్క సరైనదే సార్. నేను రాసిందే తప్పు."

టిక్కు మార్చగానే గౌరి రెండో స్థానానికి వచ్చింది. అక్కడున్న అమ్మాయి మూడుకి జరిగింది. ఆమెకి గది దొరకడానికి మరో మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

గదిలోకి తీసుకెళ్లిన రోజు గౌరి మంచం చూడలేదు, కిటికీ చూడలేదు. తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేసింది.

"లోపల్నించి నానే ఏసుకోవచ్చేటక్కా?"

"నీ గదేనమ్మా."

"మాసీ బయట తాళమేసి ఎల్లిపోయేది. ఓపాలి లోపల పొగ కమ్మేసింది. ఎంత అరిసినా ఎవులూ రాలేదు."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఈ తాళం సంగతి రాయడానికి మా ఫారంలో గడే లేదు. నేను అడగనిది యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఎవరైనా ఫలానా వాళ్లింట్లో ఉంటున్నానంటే, టిక్కు పెట్టేముందు అడుగుతాను: "తాళం ఎవరి దగ్గరుంటుంది?"