ఓడ దిగివచ్చిన మా బావ

పోయిన బుధవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుంటే అక్క ఫోన్ చేసింది. "బావ లేస్తలేడురా. చాయ్ తాగి జరసేపు ఒరుగుతనన్నడు, లేపితే లేస్తలేడు" అంది. "మంచిగ చూసిండ్రా? డాక్టర్ అచ్చిండా?" అని అడిగాను. ఆమె చెప్పింది విన్నాక మళ్ళీ అదే అడిగాను. రెండోసారి అడుగుతున్నప్పుడు నా గొంతులో నాకు ఆయనే వినిపించాడు. ఏ మాటనైనా ఇంకోసారి అడగనిదే నమ్మని మనిషి. నేను కోరుట్ల నుంచి తంగళ్ళపల్లికి చేరేసరికి ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. గుండెపోటు. యాభై మూడేళ్ళు.

నేను కోరుట్లలో జిరాక్స్, ఇంటర్నెట్ సెంటరు నడుపుతాను. బావ మా అక్క భర్త. సిరిసిల్ల మరమగ్గాల మీద బతికిన కుటుంబం వాళ్ళది. ఆయన మాత్రం చిన్నప్పుడే మగ్గం వదిలి దుబాయి పోయాడు. ఒక హోటల్‌లో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పని. అక్కడి నుంచి సముద్రంలో జనాన్ని షికారు తిప్పే పెద్ద ఓడకు మారాడు. ఓడలోనూ అదే పని. తొమ్మిదేళ్ళు చేశాడు. ఊళ్ళో అందరూ ఆయన ఓడ నడుపుతాడని చెప్పుకునేవాళ్ళు. ఆయన కాదనీ అనేవాడు కాదు, అవుననీ అనేవాడు కాదు.

అనుమానం ఆయనకు పనిలోంచి వచ్చిన గుణమేమో. ఏ గుడ్డ చేతికిచ్చినా ముందు తిరగేసి లోపలి వైపు చూసేవాడు, తర్వాత వాసన చూసేవాడు. మా పెళ్ళిలో ఫొటోగ్రాఫర్‌ను "కెమెరాల నిజంగ రీలున్నదా?" అని అడిగాడు. రీళ్ళ కాలం ఎప్పుడో పోయిందని చెబితే, "మరి ఫొటోలు ఏడ పడుతున్నయి, చూపియ్యి" అన్నాడు. పెళ్ళికొడుకుగా కూర్చున్న నాకు అప్పుడు తల కొట్టేసినట్టయింది. "తియ్యటి మాటను రెండుసార్లు జాడించాలె, బామ్మర్దీ. ఒక్కసారికి సబ్బు పోదు" అనేవాడు.

కరోనా వచ్చిన ఏడు ఆయన ఓడను ఏ రేవులోనూ ఆగనివ్వకపోతే, అది సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడింది. ప్రయాణికులను ఎలాగోలా దించేశారు. పనివాళ్ళు మిగిలిపోయారు. అడుగు అంతస్తులో కిటికీ లేని గదిలో నలుగురితో పడుకునే బావకు, ప్రయాణికులు ఉండే బాల్కనీ గది ఇచ్చారు. మిగతావాళ్ళు సంతోషపడి వీడియోలు తీసుకున్నారట. బావ నాకు ఫోన్ చేసి, "గింత మంచి రూము ఊకనే ఎందుకు ఇచ్చిండ్రంటవ్?" అన్నాడు. రోగం ఒకరి నుంచి ఒకరికి అంటకుండా తలా ఒక గదిలో పెట్టి ఉంటారని నేను సర్దిచెప్పాను. "గా మాట నిజమే. కానీ పగార్ ముచ్చట ఎవలూ ఎత్తుతలేరు" అన్నాడు.

ఇంకో పది రోజులకు మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. స్టోర్‌లో విప్పకుండా ఉన్న కొత్త దుప్పట్లన్నీ కట్టలు కట్టి, అదే కంపెనీ వాళ్ళ ఇంకో ఓడకు ఎక్కించమన్నారట. "ఇల్లు ఖాళీ చేసెటోడే మంచి సామాను ముందు పంపుతడు. ఈ ఓడను ఇడుస్తరు, రాసిపెట్టుకో" అన్నాడు. నేను నవ్వాను. అంత పెద్ద ఓడను ఎవరు వదిలేస్తారు?

దాదాపు మూడు నెలలకు ఇల్లు చేరాడు. వచ్చీ రాగానే అనుమానం ఆయన మీదికి తిరిగింది. ఓడలోంచి వచ్చాడంటే రోగం మూటగట్టుకుని వచ్చాడన్నట్టు ఊళ్ళోవాళ్ళు చూశారు. క్వారంటైన్ గడువు దాటి నెల అయినా చాయ్ హోటల్‌లో ఆయనకు విడిగా కాగితం గ్లాసే ఇచ్చారు. నేనూ తక్కువేం చేయలేదు. ఆయన నా పిల్లలకు పంపిన చాక్లెట్లను మూడు రోజులు ఎండలో పెట్టాను. అవన్నీ కరిగి ముద్దయ్యాయి. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కంపెనీ నుంచి ఇంగ్లిషులో మెయిళ్ళు వచ్చేవి. అవి నాకు పంపి, ఫోన్‌లో చదివించుకునేవాడు. "మనమంతా ఒక కుటుంబం, ఈ తుఫానును కలిసి దాటుదాం" అని ఉందని చెప్పాను ఒకసారి.

"పగార్ ఎప్పుడిస్తరో రాసిండ్రా?"

"లేదు బావా."

"ఓడ ఎప్పుడు నడుస్తదో?"

"త్వరలో అని ఉంది."

"ఇంతకుముందు మెయిల్‌ల నెలరోజులని రాసిండ్రు కదా. ఇప్పుడు త్వరలో అయ్యిందా? గట్లయితే కుటుంబం గిటుంబం పక్కకు పెట్టు. మల్ల మొదటి నుంచి సదువు."

మళ్ళీ చదివేవాణ్ణి. విసుగొచ్చేది. దేశాల మీద దేశాలు మూతపడ్డ కాలంలో షికారు ఓడల కంపెనీలు నిలువునా మునుగుతున్నాయని వార్తల్లో నేనూ చూశాను. ఓడ కదలకపోయినా దానికి డీజిల్ పోయాలి, మనుషులు కాపలా ఉండాలి. ఆదాయం మాత్రం సున్నా. అయినా ఆ కంపెనీ మీద నాకు నమ్మకం ఉండేది. అక్కకు నాకంటే ఎక్కువ. వాళ్ళు మళ్ళీ పిలుస్తారని ఆయన బట్టల పెట్టె విప్పకుండా అలాగే ఉంచింది.

వేములవాడ గుడి తెరిచి జనం రావడం మొదలైన రోజుల్లో అక్క ఫోన్ చేసింది. "పొద్దుగాల్నే బస్సెక్కి పోతుండురా. ఏడికంటే పనున్నదంటడు. పొద్దూకినంక అస్తుండు. అంగీకి ఏదో సెంటు వాసన. నాకేం మంచిగ అనిపిస్తలేదు."

నాకూ అనిపించలేదు. సెంటు వాసన అనగానే మనసు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. ఒక శుక్రవారం వేములవాడ బస్టాండులో మాస్కు కళ్ళదాకా లాక్కుని నిలబడ్డాను. బావ బస్సు దిగాడు. ఒకసారి అటూ ఇటూ చూసి, గుడి వైపు కాకుండా లాడ్జీల సందులోకి తిరిగాడు. వెనకాలే పోయాను. మూడంతస్తుల లాడ్జి వెనక గేటులోంచి లోపలికి వెళ్ళాడు. కాసేపు ఆగి నేనూ లోపలికి అడుగు పెట్టాను.

వెనక పెరట్లో సిమెంటు తొట్టి. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బావ అందులో నిలబడి దుప్పట్లు తొక్కుతున్నాడు. పక్కన బకెట్‌లో చివరి నీళ్ళలో కలిపే వాసన మందు. అక్క చెప్పిన సెంటు అదే.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "మీ అక్క పంపిందా?" అన్నాడు.

"లేదు, నేనే వచ్చాను."

"అబద్ధం. బస్టాండ్ల నిన్ను ముందే చూసిన. మాస్కు ఎక్కించినవు గానీ చెప్పులు మార్చలే."

సిగ్గుతో తల దించుకున్నాను. లాడ్జి పని సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. తొట్టిలోంచి దిగి, చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. బురద ఒడ్డున ఒరిగి ఉన్న పెద్ద తెల్లని ఓడ. ముందు భాగం లేదు. కోసేసిన చోట అంతస్తులు, గదులు తెరిచిన అల్మారా అరల్లా కనిపిస్తున్నాయి. ఆయనతో పనిచేసిన గోవా దోస్తు పంపిన ఫొటో అది. ఓడను పాత ఇనుముకు అమ్మేశారు.

"ఇరవై రోజులయ్యింది ఇది అచ్చి," అన్నాడు బావ. "దుప్పట్లు ఉతుకుతున్ననని చెప్పుడు నాకు కష్టం కాదురా. గా సంగతి చెప్తే ఇది గూడ చెప్పాలె. ఓడ ఉన్నదని మీ అక్క ఇంక పెట్టె విప్పలే. లేదని ఎట్ల చెప్పాలె?"

ఆ పూట ఆయనతో కలిసి డాబా మీద దుప్పట్లు ఆరేశాను. ఒక కొస నేను, ఒక కొస ఆయన. "దులిపి పట్టు. మడత మీద మడతేస్తే మరక దాగుతది గానీ పోదు" అన్నాడు. అది దుప్పటి గురించో తన గురించో నేను అడగలేదు.

అక్కతో మాత్రం ఆయన పనికే పోతున్నాడని చెప్పి ఊరుకున్నాను. తర్వాత జరిగింది నా వల్లే. జగిత్యాలలో ఒకాయన కొత్తగా ఆఫీసు తెరిచి, షికారు ఓడల్లో ఉద్యోగాలిప్పిస్తానంటూ నా దగ్గర కరపత్రాలు వేయించుకున్నాడు. ఓడలు మళ్ళీ మొదలవుతున్నాయి, వేలమంది కావాలట అని నేను కూడా దుకాణానికి వచ్చినవాళ్ళకు చెప్పాను. ఒకరోజు బావ మా ఇంటికి వచ్చి, దుకాణంలో ఆ కరపత్రాల కట్ట చూసి ఆగిపోయాడు. ఒకటి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది మా ఓడ" అన్నాడు. పొగగొట్టం మీద నీలం గీత చూపించాడు. "కోసేసిన ఓడల మనుషులను ఎట్ల ఎక్కిస్తడురా వీడు?"

ఆ ఆదివారం జగిత్యాల ఫంక్షన్ హాల్‌లో మీటింగు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, అటు సారంగాపూర్ నుంచి కూడా జనం వచ్చారు. సగంమంది గల్ఫ్ నుంచి పని పోయి తిరిగివచ్చినవాళ్ళే. చేతుల్లో పాస్‌పోర్టులు. ఆరోజే ఇవ్వాలన్నాడు ఏజెంటు. బావ వెనక వరసలో కూర్చుని, అందరి ప్రశ్నలూ అయిపోయాక లేచాడు.

"సార్, ఈ బొమ్మల ఉన్న ఓడలనేనా నౌకరి?"

"ఇందులోనే. ప్రపంచంలోనే పెద్ద కంపెనీ."

"ఇప్పుడు ఏ దేశంల ఉన్నది సార్ ఇది?"

"అమెరికాలో. రంగులు వేస్తున్నారు."

బావ ఫోన్ పైకెత్తాడు. "రంగులేస్తలేరు సార్, కోస్తుండ్రు. జర చూడుండ్రి."

ఫోన్ వరస వెంట చేతులు మారింది. ఏజెంటు నవ్వాడు. కంపెనీ తీసేసినవాళ్ళు ఏడుపుగొట్టుతనంతో ఇలాగే మాట్లాడతారన్నాడు. హాలులో గుసగుసలు. ముందు వరసలోంచి నడివయసు మనిషి ఒకడు లేచి బావ వైపు తిరిగాడు. "నువ్వు గా ఓడల పనిచేసినవని మేమెట్ల నమ్మాలె?"

నాకు కోపం వచ్చింది. బావ ముఖం మాత్రం వెలిగిపోయింది. "శాబాష్! గిట్ల అడగాలె" అన్నాడు. చొక్కా జేబులోంచి ఓడ పనివాళ్ళకు ఇచ్చే గుర్తింపు పుస్తకం తీసి అతని చేతిలో పెట్టాడు. అందులో ఓడ పేరు, ఏటేటా పడిన ముద్రలు ఉన్నాయి. "నన్ను గూడ నమ్మకుండ్రి. పాస్‌పోర్ట్ మీ దగ్గర్నే పెట్టుకొని కంపెనీకి మీరే రాయుండ్రి. నిజమైతే ఏడికి పోదు. ఈయాల్నే ఇయ్యాలంటుండంటే ఎందుకో అడుగుండ్రి."

చాలామంది లేచిపోయారు. కొందరు బావ మాట నమ్మక పాస్‌పోర్టులు ఇచ్చారు. రెండు నెలలకు ఆ ఆఫీసుకు తాళం పడింది. పాస్‌పోర్టుల కోసం వాళ్ళు చాలా రోజులు తిరిగారు. వాళ్ళలో ఇద్దరికి ఆ ఉద్యోగం మంచిదని చెప్పింది నేనే. మిగిలిన కరపత్రాలను నా చేతులతో చింపేశాను గానీ, వాళ్ళ ముఖాలు మరిచిపోలేదు.

మీటింగు జరిగిన సాయంత్రమే బావ అక్కకు అంతా చెప్పాడు. రెండు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదట. ఓడ పోయినందుకు కాదు, హాలునిండా జనం చూశాక తనకు చూపించినందుకు. మూడో రోజు తనే ఫోన్ అడిగి తీసుకుని, "నువ్వు ఏ అంతస్తుల ఉండెటోనివి?" అంది. బావ ఫొటోలో బురదలో కూరుకుపోయిన అడుగు భాగం మీద వేలు పెట్టాడు. అక్క చాలాసేపు చూసి, లేచి వెళ్ళి బట్టల పెట్టె విప్పిందట.

తర్వాత ఓడలు నిజంగానే మళ్ళీ నడిచాయి. ఆ కంపెనీ ఆయన్ను వేరే ఓడకు పిలిచింది. మెయిల్ చదవమన్నాడు, చదివాను. మళ్ళీ చదవమన్నాడు. "ఈసారి మంచిగనే రాసిండ్రు" అని ఒప్పుకున్నాడు. వెళ్ళలేదు. అప్పటికి మూడు లాడ్జీల పని చేతిలో ఉంది, ఒక పెద్ద మిషను కొన్నాడు. వాళ్ళ మీద కోపమా అని అడిగితే, "కోపమెందుకు? మునిగేటప్పుడు ఎవలైనా బరువు దించుకుంటరు. ముందు దించేది మనలనే అని యాది పెట్టుకుంటే చాలు" అన్నాడు.

నాలాంటి తేలిగ్గా నమ్మేవాడికి అలాంటి మనిషి ఒకరు ఇంట్లో ఉండడం ఎంత అండో, ఉన్నప్పుడు తెలియదు. చాదస్తం అనుకుంటాం. అందరినీ అనుమానించినవాడు నన్ను మాత్రం ఒక్క విషయంలో నమ్మాడు. తనకు రాని భాషలో వచ్చిన ఉత్తరాలను నేను ఉన్నదున్నట్టే చదువుతానని. నేను విసుక్కుంటూ చదివినా సరే.

మొన్న గోవా దోస్తు నుంచి అక్క ఫోన్‌కు వీడియో వచ్చింది. అతను ఇప్పుడు ఇంకో ఓడలో ఉన్నాడు. అడుగు అంతస్తు, దుప్పట్లు ఉతికే కిటికీ లేని పెద్ద గది. ఆరుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. బావ కోసం కాసేపు మిషన్లన్నీ ఆపేశారు. ఎవరూ మాట్లాడడం లేదు.

అక్క కళ్ళు తుడుచుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "మిషన్లు నిజంగ బంద్ చేసిండ్రా, ఉత్తగ ఆవాజ్ తీసేసిండ్రా?" అంది.

మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఇద్దరం చెవులు ఆనించి విన్నాం. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. ఎక్కడో నీటి చుక్క పడింది. అక్క తల ఊపింది. అంతలో చివర నిలబడ్డ మనిషి చెయ్యి చాపి మీట నొక్కాడు. ఇస్త్రీ రోలరు తిరగడం మొదలైంది. దాని నోట్లోంచి తెల్లని దుప్పటి ఒకటి పొగలు కక్కుతూ మెల్లగా బయటికి వచ్చింది. పట్టుకోవడానికి ఎవరూ కదలలేదు. అది వస్తూనే ఉంది.