మనసులో చదవడం రాని మామయ్య

మా మామయ్యకు, అంటే మా ఆయన నాన్నగారికి, మనసులో చదువుకోవడం రాదు. ఏదైనా పైకే చదవాలి. ముప్పై దాటాక, ప్లంబరు పనిలో ఉండగా, ఒక ముసలి మేస్త్రీ దగ్గర అక్షరాలు నేర్చుకున్నారు. ఆ మేస్త్రీకి చెవుడు. గట్టిగా చదివితేనే తప్పులు దిద్దేవాడు. అలా పడిన అలవాటు ఇక వదల్లేదు. మాకు పెళ్లి శుభలేఖ ఏదైనా వస్తే ముహూర్తం వీధంతటికీ తెలుస్తుంది.

ఆయన చదివేవి డిటెక్టివ్ నవలలే. పాత పుస్తకాల కొట్టులో అట్ట మీద కత్తో రక్తమో కనబడితే తెచ్చుకుంటారు. రెండూ ఉంటే బేరమాడరు. అవే ఎందుకని ఒకసారి అడిగాను.

"మా పనీ ఇదీ ఒకటేనమ్మా. నీళ్లు కారేదొకచోట, గోడకి చెమ్మ కనబడేది ఇంకోచోట. అసలెక్కడ కారుతోందో పట్టుకోవడంలోనే ఉంది మజా."

హంతకుడెవరో పుస్తకం సగానికి రాకముందే చెప్పేస్తారు. ఎప్పుడూ తప్పే. పని చేసే రోజుల్లో ఎన్ని గోడలు అనవసరంగా పగలగొట్టారో నేను అడగలేదు.

ఆయన చదువుతుంటే వినేది మా అబ్బాయి. వాడికి రెండేళ్లు నిండాయి, నోట్లోంచి ఒక్క మాట లేదు. వినికిడి బాగానే ఉందని పరీక్షలో తేలింది. "ఇంకో నెల చూద్దాం. అప్పటికీ రాకపోతే ఆలోచిద్దాం" అన్నారు పిల్లల డాక్టరు. ఏం ఆలోచిస్తారో చెప్పలేదు కాబట్టి ఆ పని నేను మొదలుపెట్టాను. నేను చదివింది జీవరసాయన శాస్త్రం. భయపడడానికి పనికొచ్చేంత చదువు.

"నేనూ ఆలస్యంగానే మాట్లాడానట" అన్నారు మా ఆయన.

"ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చలేం" అన్నాను.

ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి మావాడు తాత ఒళ్లో ఉన్నాడు. "మెడ మీద నులిమిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి" అని వాడి చెవి పక్కనే వినబడుతోంది.

"మామయ్యా, పసివాడికి ఇవా చదివేది?"

"వాడికేం అర్థమవుతుందిలే."

"అర్థమయ్యేవి చదివితేనే కదా మాటలొచ్చేది!"

వెళ్లి బొమ్మల పుస్తకం తెచ్చిచ్చాను. ఆయన బుద్ధిగా చదివారు. కప్ప చెరువులో పడింది. ఈదింది. ఒడ్డుకొచ్చింది.

"తర్వాత?"

"అంతే మామయ్యా. అయిపోయింది."

"ఎవరు తోశారో చెప్పలేదేంటి?"

మావాడు అప్పటికే ఒళ్లోంచి దిగి బల్ల కిందికి వెళ్లిపోయాడు.

"పోనీ, మీ నవలలు మీరు మనసులో చదువుకోండి" అన్నాను.

మర్నాడు కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, పెదాలు బిగించారు. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. బట్టలన్నీ అయిపోవస్తున్నాయి గానీ ఆయన పేజీ తిరగలేదు. గోడకు కొట్టిన మేకులా చూపు ఒకే వరుస మీద ఉంది. ఇల్లు మూగబోయింది.

మావాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పుస్తకాన్ని చూశాడు, తాత మొహాన్ని చూశాడు. ఒళ్లోకి ఎక్కి, బిగించిన పెదాల మధ్య రెండు వేళ్లు దూర్చి విడదీశాడు.

"చదూ" అన్నాడు.

నా చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. మామయ్య కదల్లేదు. నా వైపు చూశారు. నేను సరేననే దాకా ఆగారని అప్పుడర్థమైంది.

"చదవండి మామయ్యా."

"ఎక్కణ్ణుంచి?" అన్నారు నోట్లో వేళ్లతోనే.

"శవం దొరికిన దగ్గర్నుంచి."

నెల తిరగగానే మామయ్యా నేనూ మావాణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాం.

"మాటలేమైనా వచ్చాయా?"

"నాలుగొచ్చాయండీ."

"ఏవేవి?"

"తాత, చదూ" అని ఆగాను.

డాక్టరు మావాడి నోరు, చెవులు చూసి, ఇక కంగారు లేదన్నారు. ఇంట్లో రోజూ ఏం చేస్తున్నామో అదే చెయ్యమన్నారు. నేను ఊపిరి పీల్చుకుని లేచాను.

"మిగతా రెండు మాటలేంటమ్మా?"

"అవింకా స్పష్టంగా లేవండీ."

"స్పష్టంగానే ఉన్నాయి కదమ్మా, కత్తి, శవం" అన్నారు మామయ్య, తన మామూలు గొంతుతో. బయట వరసలో కూర్చున్న వాళ్లంతా మా వైపు తిరిగారు.