పన్నెండో పేరు

ముందే చెప్పేస్తాను, ఇందులో ఎవరూ చనిపోరు. నా రూమ్మేటు సంగతి ఎత్తగానే వినేవాళ్ళు ముఖం దిగాలుగా పెట్టి "అయ్యో, ఎప్పుడు పోయాడు?" అని అడుగుతారు. ఎక్కడికీ పోలేదు. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తున్నాడు. పెళ్ళయింది, కొంచెం పొట్ట కూడా వచ్చింది. బతికున్న మనిషి, అదీ పొట్ట ఉన్న మనిషి, ఇన్నేళ్ళుగా నన్ను వెంటాడుతున్నాడని చెప్పుకోవడం నాకే నామోషీ.

మా వైపు యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు మేం పుట్టకముందే ఆగిపోయాయి. కొత్త రాష్ట్రం వచ్చాక మళ్ళీ పెడతారని ఏటా ఒక పుకారు పుట్టేది, ఏటా మెస్సు కిటికీ దగ్గరే చచ్చిపోయేది. మాకు మిగిలింది హాస్టల్ సెక్రటరీ పదవి ఒక్కటే. దానికి మాత్రం ఓట్లుండేవి. కూరగాయలు చూడటం, మెనూ బోర్డు రాయటం, హాస్టల్ తరఫున వార్డెన్‌కు కాగితం పెట్టటం సెక్రటరీ పనులు. మొదటి రెండింట్లో వంటవాళ్ళు మన మాట వినరు. మూడోది నిజమైన అధికారం. సెక్రటరీ సంతకం లేని కాగితాన్ని వార్డెన్ సార్ ముట్టుకునేవాడు కాదు.

ఆ సంతకం కోసమే నా రూమ్మేటు నిలబడ్డాడు. వాడిది రామన్నపేట దగ్గర ఊరు, మగ్గం పని చేసే ఇల్లు. ఉన్నది ఒకటే పెద్ద గది, అందులో ముప్పావు వంతు మగ్గానిది. ఎండాకాలం సెలవులకు హాస్టల్ మూసేస్తారు. సెలవులైపోగానే గ్రూప్స్ పరీక్ష. వాడు రెండేళ్ళుగా ఆ పరీక్ష కోసమే చదువుతున్నాడు. "ఇంట్ల చదువుకోరాదా?" అని ఒకసారి అడిగాను.

"మగ్గం చప్పుడైతుంటె చదువబుద్ధి కాదు. ఆగితె అస్సలే కాదు. ఆగిందంటె బాపు నడుము పట్టుకున్నడన్నట్టు."

అందుకే వాడు హాస్టల్‌కు ఇచ్చిన హామీ ఒకటే. సెలవుల్లో కూడా హాస్టలూ మెస్సూ నడిపించాలని కాగితం పెడతాడు. అంతే. దానికి ప్రచారం కూడా సరిగ్గా చేయలేదు. గది గదికీ వెళ్ళి, కూర్చోమంటే కూర్చుని, నీళ్ళిస్తే తాగి, ఆ ఒక్క మాట చెప్పి వచ్చేవాడు.

నేనెందుకు నిలబడ్డానంటే, ఎదుట ఎవరూ లేరని. మాది కేతేపల్లి వైపు వ్యవసాయం ఇల్లు, సెలవుల్లో నాకు కావలసినంత జాగా, కావలసినంత నిద్ర. పదవితో నాకేం పని? పక్క గదులవాళ్ళు వచ్చి, "నువ్వు నిలబడు భాయ్, ఏకగ్రీవమైతె ఏం మజా?" అన్నారు. వాడిని అడిగాను. "నిలబడు, నాకేంది," అన్నాడు. మెస్సు గోడకు నా మేనిఫెస్టో అంటించాను. పప్పులో పప్పు వేయిస్తాం. చారులో టమాటను చూసినవాళ్ళకు సన్మానం చేస్తాం. చపాతీలను పాత చెప్పులతో పోల్చరాదని తీర్మానం చేస్తాం, చెప్పుల మనోభావాలు దెబ్బతింటున్నాయి. హాస్టలంతా గోడ ముందు గుంపు కట్టి నవ్వింది. వాడూ నవ్వాడు. 'మనోభావాలు'లో ఒత్తు తప్పు రాశానని చెప్పి పెన్నుతో దిద్ది మరీ వెళ్ళాడు.

ఇక్కడ మా హాస్టల్ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పోటీలో ఉన్న ఇద్దరూ తమ ఓటు తమకు వేసుకోరు, ఒకరి ఓటు ఒకరికి వేస్తారు. ఎవరు పెట్టారో తెలియదు, కాగితం మీద ఎక్కడా లేదు. పోలింగుకు ముందు ఇద్దరూ అందరి ముందూ చేతులు కలిపి "నా ఓటు నీకు" అనుకోవాలి. ఒక సీనియర్ అన్న మమ్మల్ని నిలబెట్టి చేతులు కలిపించాడు.

"తన ఓటు తనకే ఏసుకునేటోడు, తన పెండ్లిల తనే బ్యాండు కొట్టుకునేటోడు. సమజైందా తమ్మీ?"

"సమజైందన్నా. కని బ్యాండోళ్ళకు పైసలు మిగుల్తయి," అన్నాను.

అందరూ నవ్వారు. వాడి చేయి పొడిగా, గట్టిగా ఉంది. "నా ఓటు నీకు," అన్నాడు. "నా ఓటు నీకు," అన్నాను నేను.

ఆదివారం మధ్యాహ్నం ఓట్లు. చికెన్ రోజు కాబట్టి ఎవరూ ఊరికి పోరు, ఎనభై ఒక్క మందీ ఉన్నారు. పాత జవాబు పత్రాల వెనకవైపు కోసి చీటీలు చేశారు. చీటీ మీద పేరు రాసి, ఖాళీ నూనె డబ్బాలో వేయాలి. నా వంతు వచ్చింది. స్టోర్ రూములో బియ్యం బస్తాల మధ్య చీటీ పట్టుకుని నిలబడ్డాను. వాడి పేరే రాద్దామనుకున్నాను, అబద్ధం కాదు. అప్పుడొక ఆలోచన వచ్చింది. నాకు ఎవరు వేస్తారు ఓటు? గోడ ముందు నవ్వడం వేరు, వేయడం వేరు. వాడొక్కడే వేస్తాడు, మాట ఇచ్చాడు కాబట్టి. లెక్కపెట్టేటప్పుడు ఒక్క చీటీ వస్తే అది వాడిదేనని అందరికీ తెలిసిపోతుంది. కనీసం రెండుంటే ఇజ్జత్ ఉంటుంది. వాడు ఎలాగూ డెబ్బైకి పైగా ఓట్లతో గెలుస్తాడు. నా పేరు రాశాను. మడిచి డబ్బాలో వేశాను. బయటికి వచ్చి లెగ్ పీస్ కోసం తగవు పెట్టుకున్నాను.

లెక్కపెట్టడం అభ్యర్థుల పనే. మెస్సు బల్లకు అటు వాడు, ఇటు నేను. ఒక్కో చీటీ తీసి, పేరు చదివి, అందరికీ చూపించి, ఎవరి కుప్పలో వాళ్ళది పెట్టాలి. నా దస్తూరీ ఎలా ఉంటుందంటే, తలకట్టు పెడితే అక్షరం మీద కాకి వాలినట్టుంటుంది. రెండు సెమిస్టర్లుగా నా రాతలన్నీ దిద్దింది వాడే. నా అక్షరాలు వాడికి నా ముఖంకన్నా బాగా తెలుసు. ఇది నాకు స్టోర్ రూములో గుర్తు రాలేదు.

సినిమా అయితే నా చీటీ చివరిదై ఉండాలి. కాదు, ఇరవైయ్యోదో ముప్పైయ్యోదో. వాడు విప్పాడు, చూశాడు. తల ఎత్తలేదు. అంతకుముందు చీటీలు చదివిన గొంతుతోనే నా పేరు చదివాడు, అందరికీ చూపించాడు, నా కుప్పలో పెట్టి అంచు సర్దాడు. తర్వాత చీటీ తీసుకున్నాడు. అప్పటికి ఆ చీటీకి ఏ విలువా లేదు. కాసేపటికి నా చేతికి మరొకటి వచ్చింది, గుండ్రటి అక్షరాలు, ముగ్గు పెట్టినట్టు. నా పేరే. అది వాడిది.

నలభై ఒకటి, నలభై. నలభై ఒకటి నాకు.

హాస్టల్ గోలగోల అయిపోయింది. నన్ను ఎత్తుకున్నారు. దించాక వాడు వచ్చి కౌగిలించుకున్నాడు. "ముబారక్ భాయ్. ఇగ పప్పుల పప్పు ఎయ్యి," అన్నాడు. మాట ఇచ్చినట్టు రాసి ఉంటే, వాడికి నలభై ఒకటి, నాకు నలభై. కూడికలూ తీసివేతలూ రానివాడికి కూడా అర్థమయ్యే లెక్క. వాడిది ఎమ్మెస్సీ మ్యాథ్స్.

మర్నాడే కాగితం రాశాను. నా జీవితంలో జోకు లేకుండా రాసిన మొదటి కాగితం. వార్డెన్ సార్ రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాడు, మోసం ఎక్కడుందోనని. చివరికి, "పన్నెండు మందుంటె మెస్సు నడుపుత. రోజు పగటీలి బువ్వకాడ హాజరు తీస్తరు. ఒక్కడు తక్కువైనా గా రోజే తాళం," అన్నాడు.

గది గదికీ తిరిగాను. నాతో కలిపి పదకొండు పేర్లు వచ్చాయి. పన్నెండోవాడు నా గదిలోనే బట్టలు సంచిలో పెట్టుకుంటున్నాడు.

"రాయకు. నేను ఇంటికి పోతున్న."

"అరే, నువ్వడిగిందే గదరా!"

"అడిగిన. మీరు ఎయ్యలేదు." కోపం లేదు. చొక్కా మడత పెడుతూ, వానలు పడలేదన్నట్టు చెప్పాడు.

"నేను చేయించిన గద ఇప్పుడు. సార్ ఒప్పుకున్నడు."

"చేయించినవ్. మంచిదే. వాళ్ళకు పనికొస్తది."

"నాది తప్పేరా. ఆ చీటీ..." అన్నాను.

"జర గా టవల్ అందియ్యి," అన్నాడు.

అందించాను. వాడు వెళ్ళిపోయాక వాడి పేరు రాసి, పక్కన గుండ్రటి అక్షరాలతో వాడి సంతకం పెట్టాను. మిగిలిన పదిమందికి తిండి దొరకాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. పూర్తి నిజం కాదు.

హాజరు తీసేది మెస్సు చూసుకునే కాక. ఆయన కళ్ళజోడు రిజిస్టరు వరకే పనిచేస్తుంది, తల ఎత్తితే అందరం ఒకటే మసక. పేరు పిలిస్తే పలకాలి. వాడి పేరు పిలిచినప్పుడు నేను వాడి గొంతుతో "ఉన్న కాకా" అన్నాను. గొంతులు అనుకరించడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న తెగులే. మొదటి రోజు అందరూ అన్నం మీద పడి నవ్వారు. రెండో రోజు కొందరు. నాలుగో రోజు ఎవరూ నవ్వలేదు. కాక పన్నెండు కంచాలు పెట్టేవాడు, పన్నెండోది కాసేపు అలాగే ఆవిరి కక్కుతూ ఉండేది, తర్వాత ఎవరో పంచుకునేవాళ్ళు. వారం దాటాక ఆ గొంతును నేను తెచ్చుకోనక్కర లేకపోయింది. అదే వచ్చేది. గదిలో ఒక్కడినే ఉన్నప్పుడు ఏదైనా పుస్తకం బయటికి చదివితే, రెండో వాక్యానికి వాడు చదువుతున్నట్టుండేది. దిండు కింద నుంచి తప్పొప్పులు కూడా చెబుతాడేమో అనిపించేది. ఇప్పటికీ దవాఖానలో నర్సు ఎవరి పేరో పిలిచి, ఎవరూ పలకకపోతే, నా గొంతులో వాడు కదులుతాడు. నోరు గట్టిగా మూసుకుంటాను. నా పక్కన కూర్చున్నవాళ్ళు నాకు పంటి నొప్పి అనుకుంటారు.

వాడు ఆ పరీక్ష రాశాడు. అర మార్కుతో పోయిందని చెబితే బాగుండేది గానీ, చాలా మార్కులతోనే పోయింది. హాస్టల్లో ఉండి చదివితే వచ్చేదా అంటే, తెలియదు. నాకు తెలియదు, వాడికీ తెలియదు. తెలిసే దారి నేనే లేకుండా చేశాను.

పరీక్షకు ముందే, సెలవులు సగం గడిచాక ఒకరోజు వాడు వచ్చాడు. పుస్తకం మరిచిపోయాడట. నార్కట్‌పల్లిలో బస్సు మారి, ఎండలో నడిచి, సరిగ్గా అన్నం వేళకు మెస్సు గుమ్మంలో నిలబడ్డాడు. కాక పేర్లు పిలుస్తున్నాడు. వాడి పేరు పిలిచాడు.

నేను పలకలేదు. పదకొండు చేతులు కంచాల్లో ఆగాయి. కాక మళ్ళీ పిలిచాడు. వాడు నా వైపు చూశాడు, రిజిస్టరు వైపు చూశాడు, ముందు ఎవరూ లేని కంచం వైపు చూశాడు.

"ఉన్న కాకా," అన్నాడు.

కాక టిక్కు పెట్టి, తల ఎత్తకుండానే, "రోజు గట్టిగంటవు. ఇయ్యాలేంది, పానం బాగలేదా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. వాడు కూర్చున్నాడు. పన్నెండో కంచంలో తిన్నాడు, చారు రెండోసారి పోయించుకున్నాడు. గదికి వచ్చి పుస్తకం తీసుకున్నాడు. రోడ్డు దాకా వెంట నడిచాను.

"ఉండరాదురా. నీ మంచం గట్లనే ఉన్నది," అన్నాను.

"ఉంటె నువ్వు నవ్విస్తవ్. నేను చదువాలె."

"ఇంట్ల ఎట్ల చదువుతున్నవ్?"

"బాపుకు నడుము లేస్తలేదు. పొద్దుగాల నేనే కూసుంటున్న మగ్గం మీద. పగటీలి చదువుత."

బస్సు వచ్చింది. వాడు ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు తిరిగాడు.

"అరేయ్, రేపటి సంది నా పేరు పిలిస్తె జర మెల్లగ అను. కాకకు అనుమానమొస్తది. మెస్సు బంద్ కావొద్దు."

"సరే," అన్నాను.

మర్నాడు కాక వాడి పేరు పిలిచాడు. నేను మెల్లగా అన్నాను.